బూడిదాయన పెండ్లాం

మా అత్త యశోదమ్మ పేరు ఇప్పుడు కుప్పంలో తెలుసు, పుంగనూరులో తెలుసు. నా పేరు మాత్రం మదనపల్లెలో మా వీధి మలుపు దాటితే ఎవరికీ తెలియదు. ఇందులో న్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి. ఏళ్ల తరబడి ఆ సీరియల్ చూసింది నేను. దాని మీద వాదించింది నేను, వాదించి వాదించి గొంతు పోగొట్టుకుంది నేను. పేరేమో, పక్కన కూర్చుని పప్పు పితుకుతూ మధ్యలో నోరు పెట్టిన ఆమెకు వచ్చింది.

కుళ్ళు సంగతి తర్వాత. ముందు ఆమె ఎలాంటి మనిషో ఉన్నదున్నట్టే చెప్తాను. మా అత్తది రామసముద్రం. మీసం సరిగా రాని మా మామకు, లంగా ఓణీల్లో ఉన్న ఆమెను ఇచ్చి చేశారు. మామ టమోటా మండీలో వేలం పాడించే మనిషి. మండీలో ఆయన గొంతు ఎంత దూరం వినపడుతుందో ఇంట్లోనూ అంతే దూరం వినపడుతుంది. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ అత్త నోరెత్తదు. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళగానే మొదలవుతుంది. కుక్కర్‌తో మాట్లాడుతుంది, పిల్లితో మాట్లాడుతుంది, నీళ్ళు రాని కొళాయిని తిడుతుంది.

మామ పేరు ఆదినారాయణ. ఆ పేరు ఆమె నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. పెండ్లినాడు గడప దగ్గర ఆపి పేర్లు చెప్పమంటారు కదా, అప్పుడు కూడా మొండికేసి నిలబడితే, వానొచ్చేలా ఉందని ఆడబిడ్డే ఆమె తరఫున చెప్పేసి లోపలికి లాగిందట. రేషన్ షాపులో అడిగితే నా వైపు చూస్తుంది, నేను చెప్పాలి. ఆయన పేరులో సగం ఉందని ఆదివారాన్ని ‘సెలవునాడు’ అంటుంది. మా వీధిలో ఆదిలక్ష్మమ్మ అని ఒకావిడ ఉంది. పాపం ఆవిడ మా అత్తకు ‘మేడింటామె’.

ఇక నా సంగతి. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర కొన్నవాళ్ళు సగంమంది నా దగ్గరికే వస్తారు. పని ఉంది, మొగుడున్నాడు, దేనికీ లోటు లేదు. కానీ ఇంట్లో బీరువా తాళాలు అత్తవి, వంటింట్లో రుచి అత్తది. మా ఆయన ప్రదీప్ నేను చేసిన పులుసు తిని చెయ్యి కడుక్కుంటూ, “మాయమ్మ చేసినట్టు లేదు” అనే రకం. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఒక్కటే, ‘చుక్కల ఓడ’.

చుక్కల ఓడ అంటే ఇంగ్లీషులో తీసి తెలుగులో మాటలు పెట్టిన సీరియల్. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో చూస్తుంటే అత్త పక్కనుంచి తొంగి చూస్తుంటుంది. ఒక పెద్ద ఓడ ఆకాశంలో చుక్క నుంచి చుక్కకు తిరుగుతూ ఉంటుంది. అందులో రకరకాల గ్రహాల జాతులు పనిచేస్తుంటాయి. దాని మీద మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడూళ్ళ వాళ్ళమే. కుప్పంలో ఫోటో స్టూడియో నడిపే మునిచంద్ర గ్రూపు పెద్ద. పుంగనూరులో ఏసీలు బాగుచేసే రఫీ అందరికంటే ఎక్కువ వాగే మనిషి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అందరం ఫోన్ కలుపుకుని మాట్లాడుకుంటాం.

మా గొడవంతా ఒక్కడి గురించే. ఆ ఓడలో పొడుగ్గా, బూడిద రంగులో, చెంపలకు చేప మొప్పల్లాంటివి ఉన్న మనిషొకడు ఉంటాడు. మొదటి సీజన్ నుంచీ వెనకాల కనిపిస్తూనే ఉంటాడు. ఒక్క మాట మాట్లాడడు. వాడిది ఏ జాతో ఎవరూ చెప్పరు. చివర్లో పడే పేర్లలో కూడా ఉండదు. మిగతా అన్ని జాతులకూ పేరుంది, ఆఖరికి గోడల మీద పాకే జిగురు పురుగులకు కూడా ఉంది. వాడికి మాత్రం లేదు. మేమే ‘బూడిదాయన’ అని పెట్టుకున్నాం.

మేకప్పుకు డబ్బు చాలక పాత ముసుగు వాడేస్తున్నారని రఫీ అంటాడు. వాళ్ళు చచ్చినవాళ్ళని, దయ్యాలకు జాతి ఏముంటుందని మునిచంద్ర అంటాడు. అసలు సంగతి కనిపెట్టింది నేను. వాళ్ళు యుద్ధంలో ఓడిపోయిన జాతి, ఓడిపోయినందుకు వాళ్ళ పేరు పలకకూడదని శాసనం. బూడిదాయన మణికట్టు మీద ఉన్న మచ్చ ఖైదీ ముద్ర. ఇదంతా విడమరిచి చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒప్పుకున్నారు. ఆ తర్వాత గ్రూపులో ఏ తగువొచ్చినా, “సుధక్క ఏమంటాదో సూడండి” అనేవాళ్ళు. ఆ మాట కోసమే నేను ఆదివారం దాకా బతికేదాన్ని అంటే నవ్వకండి.

ఆ ఆదివారం నా చేతిలో పెళ్ళికూతురి జాకెట్ ఉంది. ఇయర్‌ఫోన్ తీగలు మిషనుకు చిక్కుకుంటాయని ఫోన్ స్పీకర్‌లో పెట్టి మిషను మీద ఉంచాను. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. అత్త నా పక్కనే పీట వేసుకుని, నానబెట్టిన అనపగింజలు పొట్టు ఊడేలా పితుకుతోంది. మూడో సీజన్‌లో కెప్టెనమ్మ ఓడలోని జాతులన్నీ వరసగా చదువుతూ బూడిదాయన దగ్గరికి వచ్చేసరికి ఆగి, “ఇంకా... వీళ్ళు” అంటుంది కదా, ఎందుకు ఆగింది అని మాట నడుస్తోంది. శాసనం కాబట్టి ఆగింది అని నేను చెప్తున్నాను.

“శాసనమూ లేదు పాడూ లేదు మే,” అంది అత్త, గింజ పితుకుతూనే. “ఆయప్ప ఆ కెప్టెనమ్మ మొగుడు. మొగుడు పేరు ఎవురు చెప్తారు?”

నేను “గమ్మునుండత్తా” అన్నాను. అప్పటికే రఫీ అందుకున్నాడు.

“అరె, ఎవురు సుధక్కా మాట్లాడింది? అమ్మా, ఇంగోసారి చెప్పండమ్మా!”

ఇంకోసారి చెప్పమని ఆమెను జీవితంలో ఎవరైనా అడిగారో లేదో. పీట ఫోన్ దగ్గరికి జరుపుకుంది. “ఆయప్ప లోపలికొస్తే ఆయమ్మ యాల లేసి నిలబడతాది నాయనా? ఆయప్ప తిని లేసినాకనే కదా ఆయమ్మ గిన్ని ముట్టేది. ఓట్లోళ్ళు వచ్చి ఇంటాయన పేరు అడిగితే నేనూ అట్లే కదా నిలబడిపోతా.”

“జాతి పేరు కదమ్మా మనకు కావాల్సింది, ఆయన పేరు కాదే,” అన్నాడు మునిచంద్ర.

“ఆ ఓడలో ఆ జాతోడు ఒగడే కదప్పా. జాతి పేరెత్తితే ఆయప్ప పేరు ఎత్తినట్టే.”

“సరేమ్మా, ఆయమ్మ చెప్పదు. తక్కినోళ్ళు యాల చెప్పరు?” అని రఫీ.

“ఇంటామే చెప్పని పేరు పనోళ్ళు చెప్తారా? నువ్వు చెప్తావా?”

అంతే. ఆ రాత్రికి రాత్రి అందరూ మొదటి సీజన్ నుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. పొద్దున లేచేసరికి గ్రూపు నిండిపోయి ఉంది. కెప్టెనమ్మ బూడిదాయన ముందు కాలు మీద కాలేసుకోలేదని ఒకరు, పండగనాడు ఆయన వైపు తిరిగి పైట సర్దుకుందని ఒకరు, అది పైట కాదు ఆక్సిజన్ గొట్టమని ఇంకొకరు. నా ఖైదీ జాతిని తలుచుకున్నవాడు లేడు. మణికట్టు మీది ముద్ర, నేను కష్టపడి కనిపెట్టిన ముద్ర, ‘పెండ్లి కంకణం కట్టిన మచ్చ’ అయిపోయింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే పెళ్ళికూతురి జాకెట్‌కు ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేశాను.

తర్వాతి ఆదివారం ఫోన్ ఎత్తగానే, “అత్తమ్మ ఉండారా అక్కా?” అన్నాడు మునిచంద్ర. నేను బాగున్నానా అని కూడా అడగలేదు. ఆ పైవారం నేను ఫోన్ తీసుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయాను. అత్త మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకూ దేవుణ్ణి తలుచుకుంటూ చేటతో సహా పైకి వచ్చేసింది. “ఈడ గాలి బాగుండాది మే” అంటూ నా పక్కనే కూలబడింది. నాకు పళ్ళు కొరుక్కోవడం తప్ప ఇంకేం మిగల్లేదు.

ఆ తర్వాత ఏకు మేకైంది. మామ పాత ఫోన్‌ను మా ఆయన బాగుచేయించి వాళ్ళమ్మకు ఇచ్చాడు. రఫీ ఆమెను గ్రూపులో చేర్చాడు. కంటి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు నల్లద్దాలతో దిగిన ఫోటో ఒకటుంటే అది పెట్టుకుంది. అదేదో స్టైలనుకుని కుర్రకారు పూలదండలు, చప్పట్లు, గుండెకాయలు పంపారు. నా ఫోటో మార్చినప్పుడు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, బొటనవేలు కూడా ఎత్తలేదు. “పోనీలేవే, పెద్దామె, యామో సంతోషపడతాండాది” అన్నాడు మా ఆయన. అవును మరి, వాళ్ళమ్మ! ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

కొత్త సీజన్ వస్తోందని కుప్పంలో అందరం కలుద్దామన్నారు. మునిచంద్ర తన స్టూడియో పైన హాలు సర్ది ఫ్లెక్సీ కూడా వేయించాడు. దాని ఫోటో గ్రూపులో పెట్టాడు. ‘అత్తమ్మతో ముఖాముఖి’ అని పెద్దక్షరాలు. నల్లద్దాలతో అత్త. కింద ఓ మూలన, ‘మరియు వారి కోడలు’. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. గ్రూపులో నేను చేరేనాటికి మా అత్తకు ఫోన్ ఎత్తడం రాదు. ఇప్పుడు నేను ఆమెకు ‘మరియు’నట!

పొద్దున్నే బస్సెక్కాం. పుంగనూరులో రఫీ ఎక్కాడు, చేతిలో జామకాయల సంచి. “అత్తమ్మా, మీకోసమే” అంటూ అత్త పక్కన కూర్చున్నాడు. నాకూ ఒకటిచ్చాడు, అది పచ్చిది. ఇక పలమనేరు దాకా ఇద్దరూ ఒకటే మాటలు. నేను కిటికీ వైపు తిరిగి ఫోన్ తీశాను. సాయంత్రం వస్తుందన్న కొత్త సీజన్ ట్రైలరు పొద్దున్నే వచ్చేసి ఉంది.

మొదటి నిమిషంలోనే కెప్టెనమ్మ బూడిదాయన ఎదురుగా నిలబడింది. వేలెత్తి చూపిస్తూ, “థొరూయి జాతివాడివి నువ్వు. నా ఓడ దిగు” అంది.

థొరూయి! ఇన్నేళ్ళుగా మేమంతా కొట్టుకు చస్తున్న పేరు. చెప్పింది ఎవరో కాదు, కెప్టెనమ్మే, తన నోటితోనే, నలుగురిలో. మొగుడూ లేదు, పెండ్లామూ లేదు. ఖైదీని వెళ్ళగొట్టినట్టే ఉంది ఆ చూపు. పక్కనే మా అత్త జామకాయ కొరుకుతూ, స్టేజీ మీద ఏం చెప్పాలో రఫీకి చెప్పి చూసుకుంటోంది. వాళ్ళిద్దరికీ ఫోన్ చూసే తీరికే లేదు. నేను చెప్పానా? ఎందుకు చెప్తాను? ఫోన్ సంచిలో పెట్టుకుని హాయిగా నిద్రపోయాను.

హాలులో కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని కూడా నిలబడ్డారు. ట్రైలరు సాయంత్రమే కదా అని ఎవరూ వెతకలేదు, అందరికీ ఫోటోల గోలే. అత్త మైకు పట్టుకుంది. నేను ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. తడబడలేదు, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. చెప్పి, ఆగి, నవ్వించి, నవ్వు అణిగాక మళ్ళీ చెప్పింది. అచ్చం మామ వేలం పాడించినట్టే చెయ్యి ఊపుతోంది. చూస్తూ చూస్తూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆ మైకు నాది. ఆ కుర్చీ నాది. అలా నోరు తెరుచుకుని వినాల్సింది నన్ను.

“ఒక్క నిమిషం,” అని లేచాను. “ట్రైలరు వచ్చేసింది. అందరూ చూడండి.”

మునిచంద్ర నా ఫోన్‌ను పెద్ద తెరకు కలిపాడు. కెప్టెనమ్మ వచ్చింది, వేలెత్తింది, పేరు చెప్పింది. హాలంతా ఒక్కసారి “హా!” అంది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. రఫీ తల వంచుకున్నాడు. నేను మాత్రం నిటారుగా నిలబడ్డాను. నా బతుకులో అంత సంతోషం నా పెండ్లినాడు కూడా లేదు, చెప్తున్నాను కదా.

అత్త తెర వైపే చూస్తోంది. “ఇంగోసారి పెట్టు మే,” అంది.

పెట్టాను. ఎందుకు పెట్టను?

“ఎవురు చెప్పింది పేరు? ఆయమ్మేనా?”

“ఆయమ్మే,” అన్నాను, వెనక వరసకు కూడా వినపడేలా.

“అట్లయితే తెగిపోయింది వాళ్ళకి,” అంది అత్త. మైకు మళ్ళీ దగ్గరికి తీసుకుంది. “మా ఊర్లో కృష్ణవేణని నాకు వదిన వరసైతాది. మొగుడు ఇంగోదాన్ని తెచ్చుకుంటే ఈది నడిమధ్యలో నిలబడి మొగుని పేరెత్తి అరిసింది. అంతవరకు ఆ పేరు ఆయమ్మ నోట ఎవురూ ఇన్లేదు. ఇన్నోళ్ళకంతా అర్థమైపాయ. ఆ పొద్దే మూట కట్టుకోని పుట్టింటికి పోయింది. పేరు నోటికొచ్చినాక ఇంగేముంటాదప్పా? సూడండి మీరే, ఓడ దిగమనే కదా అంటాండాది. పెండ్లాం కాకపోతే అంత కోపం యాడినుంచి వస్తాది?”

రఫీ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. హాలు దద్దరిల్లిపోయింది. ట్రైలరు ఇంకా నాలుగుసార్లు వేయించుకున్నారు. వేసిన ప్రతిసారీ కెప్టెనమ్మ మొహంలో ఖైదీ లేడు, మొగుడే ఉన్నాడు. నాకూ మొగుడే కనిపించాడు, అదీ నా కర్మ! నేను రాయి తెచ్చి ఆమె చేతికిచ్చాను, ఆమె దాంతో మిద్దె కట్టుకుంది. తర్వాత అందరూ అత్త చుట్టూ చేరి ఫోటోలు దిగుతుంటే, ముక్కూ మొహం తెలియని పిల్ల ఒకతె నాతో, “అక్కా, రవంత పక్కకు జరగండి” అంది. జరిగాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మూడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. రఫీ కుప్పంలోనే ఆగిపోయాడు. అత్త, నేను, మధ్యలో ఖాళీ జామకాయల సంచి. వి.కోట దాటేదాకా నేను ఆమె వైపు చూడలేదు.

“నువ్వు బస్సులోనే సూసినావు కదా మే ఆ బొమ్మ,” అంది అత్త.

“సూసినా.”

“నాకు యాల చెప్పలేదు?”

నాలో ఆగింది ఇక ఆగలేదు. “యాల చెప్పాల? తాళాలు నీవి, వంటిల్లు నీది, కొడుకు నీ కొడుకు. ఆ ఇంట్లో నాదని ఉండింది అదొగటే. దాన్ని కూడా నువ్వే పెరుక్కుంటివి. ఇంగా నేను నీకు చెప్పాల్నా?”

తిడుతుందనుకున్నాను. బస్సులో వాళ్ళు వినేలా తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. ఆమె సంచిని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. పలమనేరు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు.

“నేను ఆ మాట వాళ్ళకి చెప్పలేదు మే,” అంది చివరికి. “నీకే చెప్పినా. రెండో భాగం సూసేటప్పుడే చెప్పినా, ఆయప్ప ఆయమ్మ మొగుడని. పప్పు పితుకుతా చెప్పినా, బట్టలు మడతేస్తా చెప్పినా, నీకు కాపీ ఇచ్చేటప్పుడు చెప్పినా. నీ చెవుల్లో యాపొద్దూ ఆ తీగలుండె. ఆ ఒగ సెలవునాడు తీగలు పీకేసి ఫోను బయటికి పెట్టినావు. వాళ్ళు ఇన్నారు.”

గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఆమె పెదాలు కదలడం గుర్తుంది. నేను తల ఊపడం కూడా గుర్తుంది. ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తు లేదు. రెండో సీజన్ నాటికే అది నా చెవి పక్కన ఉండింది. వినుంటే అది నా మాటే అయ్యుండేది, ఆ ఫ్లెక్సీ మీద నేనే ఉండేదాన్ని.

“ఇంగేమైనా చెప్పినావా అత్తా అప్పుడు?” అన్నాను పుంగనూరు దాటాక.

“శానా చెప్పినా.”

“దేని గురించి?”

“ఆ జిగురు పురుగుల గురించి చెప్పినా. ఇంగా ఆ ఒంటికన్ను పిల్ల గురించి.”

“ఏమని? ఇప్పుడు చెప్పు, ఇంటాను.”

గాలికి చెవులు నొప్పి పుడతాయని అత్త కొంగు తలమీదుగా చుట్టుకుని, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

“గ్రూపులో చెప్తాలే. ఆడ ఇంటారు.”